పదకొండో నంబరు హెచ్చరిక, భుజాన ఒక సంచి



తుఫాను కబురు వచ్చిందంటే వార్తల్లో ఒక మాట తప్పకుండా వింటాం. ఫలానా ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక, ఫలానా రేవులో ఎనిమిదో నంబరు అని. ఈ అంకెల వెనక ఒక లెక్క ఉంది. ఒకటి, రెండు అంటే వాయుగుండమో తుఫానో ఎక్కడో నడిసముద్రంలో ఉందని. మూడు, నాలుగు అంటే ఈ రేవు మీద కూడా దాని ప్రభావం పడొచ్చని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదితో అయిపోవాలి కదా! అయిపోదు. పదకొండో నంబరు ఒకటుంది. గాలి ఇంకా పెరిగిందని కాదు దాని అర్థం. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి తన కంటికి కనపడుతున్నదాన్ని బట్టి ముప్పు ఉందనుకుంటున్నాడు, అని.

ఆ వరసలో నన్ను భయపెట్టే అంకె ఇదే. గాలి ఎంత వేగంతో వస్తోందో, ఎప్పుడు తీరం దాటుతుందో చెప్పేవాడు ఉన్నంతసేపూ మనిషికి ఒక ధైర్యం. చెప్పేవాడితో సంబంధం తెగాక ఎవరి చేతిలో ఏముందో అదే దిక్కు. ఈ పూట నేను మాట్లాడబోయేది రోజూ భుజానికి తగిలించుకునే సంచి గురించి. అందులో ఏం పెట్టుకోవాలనే ప్రశ్నని కూడా ఈ పదకొండో నంబరు వైపు నుంచి చూస్తే తేలిగ్గా తెగుతుంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదుగా తీరం దాటింది. గంటకి 170, 180 కిలోమీటర్ల గాలి. ఆ గాలికి చెట్లు పడ్డాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఇదంతా ఊహించిందే. ఊహించనిది మర్నాడు మొదలైంది. ఫోను మోగదు. ఏటీఎంలో డబ్బు రాదు. పెట్రోలు బంకుల దగ్గర, పాల ప్యాకెట్ల దగ్గర బారులు. కార్డు గీకే యంత్రానికి కరెంటు లేదు. పెద్ద ఊళ్ళో, మంచి ఉద్యోగంలో, మూడంతస్తుల మేడలో ఉన్నవాళ్ళు కూడా కొవ్వొత్తి కోసం, వంద రూపాయల చిల్లర కోసం పక్కింటి తలుపు తట్టారు. అప్పటికి యూపీఐ కూడా లేదు, అది 2016లో వచ్చింది. ఇవాళ మనం టీకొట్టులో పది రూపాయలు కూడా ఫోనుతోనే ఇస్తున్నాం. అంటే అలాంటి రోజు మళ్ళీ వస్తే అప్పటికన్నా ఇప్పుడు మన చేతులు మరింత ఖాళీ.

ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతి అది. దారిలో ఉన్నవాళ్ళ మాటో? 2024 సెప్టెంబరు 1 తలుచుకోండి. బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ మునిగింది, తరవాతి రోజుల్లో మేడల మీదున్న జనానికి డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించాల్సి వచ్చింది. దారులూ తెగాయి. నందిగామ దగ్గర ఐతవరంలో హైదరాబాదు జాతీయ రహదారి మీదికి నీళ్ళొచ్చి ఎక్కడి బండ్లు అక్కడ నిలిచిపోయాయి. కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేటి మీద ప్రకాశ్‌నగర్ వంతెనకి రెండు వైపులా నీళ్ళు చుట్టుముట్టి తొమ్మిది మంది చిక్కుపడ్డారు. పొద్దుపోయాక ఒక జేసీబీ డ్రైవరు తెగించి వెళ్ళి వాళ్ళని తీసుకొచ్చాడు. దారిలో చిక్కుకున్న వీళ్ళలో ఎవరూ సాహసయాత్రకి బయల్దేరినవాళ్ళు కారు. పనికి వెళ్తున్నవాళ్ళు, ఇంటికి వస్తున్నవాళ్ళు.

మన పెద్దవాళ్ళు ఉత్త చేతులతో ఊరు దాటేవాళ్ళు కాదు. గొర్రెల వెంట వెళ్ళే మనిషి భుజాన గొంగడి ఉండేది. వానకి అదే గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పడక. చేతిలో కర్ర, సొరకాయ బుర్రలో నీళ్ళు. దూరం నడిచేవాడి దగ్గర సద్దిమూట. ముసలమ్మ బొడ్లో వక్కాకు సంచి, అందులో నాలుగు చిల్లర డబ్బులు, ఒక పిన్నీసు, జలుబుకో కడుపునొప్పికో ఏ శొంఠి ముక్కో. వీటిలో ఒక్కటీ అలంకారానికి పెట్టుకున్నది కాదు, ఒక్కటీ బరువనిపించేదీ కాదు. బస్సులూ హోటళ్ళూ వచ్చి ఆ అలవాటు పోయింది. ఫోను వచ్చి మిగిలినది కూడా పోయింది.

ఇప్పుడు అదే అలవాటు విదేశీ వేషంలో అమ్మకానికి వస్తోంది. ప్రాణరక్షణ సంచి అని ఆన్‌లైన్లో కొట్టి చూడండి. నిప్పు రాజేసే రాయి, చేపల గాలం, గొడ్డలిగా మారే పార, దిక్సూచి, పట్టీలు మీద పట్టీలు. కెనడా అడవుల్లో తప్పిపోయినవాడికి అవి పనికొస్తాయేమో. విజయవాడ బెంజి సర్కిల్లో నడుంలోతు నీళ్ళలో నిలబడ్డవాడికి దిక్సూచి ఎందుకు? అక్కడ ఉత్తరం ఎటో అందరికీ తెలుసు, వెళ్ళే దారే లేదు. నా అభిప్రాయం అడిగితే, ఆ సామాన్ల మీద పెట్టే డబ్బులో పదో వంతుతో మన అవసరానికి తగ్గ సంచి సర్దుకోవచ్చు. ఆ వస్తువుల్లో సగం ఇప్పటికే మీ ఇంట్లో ఉన్నాయి.

నీళ్ళతో మొదలుపెడదాం. లీటరు నీళ్ళు కిలో బరువు. సంచిలో అన్నిటికన్నా బరువైనదీ అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. స్టీలు సీసా అయితే మంచిది, దాన్ని పొయ్యి మీద పెట్టి నీళ్ళు కాచుకోవచ్చు. కాకపోతే ఒక జాగ్రత్త. థర్మాస్ లాంటి రెండు పొరల సీసాని మంట మీద పెట్టకూడదు, పేలొచ్చు. ఒకే పొర ఉన్న మామూలు స్టీలు సీసా చూసుకోండి. వరదల్లో నీళ్ళకేమీ కొదవ ఉండదు, తాగే నీళ్ళకే కొదవ. అందుకే నాలుగు క్లోరిన్ బిళ్ళలు కూడా ఉండాలి. మందుల షాపులో దొరుకుతాయి, వరదలప్పుడు ఆరోగ్య కార్యకర్తలు కూడా పంచుతారు. ఎన్ని లీటర్లకి ఒక బిళ్ళ, వేశాక ఎంతసేపు ఆగాలి అన్నది ప్యాకెట్టు మీద ఉంటుంది, అది చదివి వెయ్యండి. మురికిగా ఉన్న నీళ్ళని ముందు గుడ్డతో వడగట్టాలి, ఆ తరవాతే బిళ్ళ. వడగట్టకుండా వేస్తే క్లోరిన్ సగం ఆ మురికికే ఖర్చయిపోతుంది.

నీళ్ళ పక్కనే ఓఆర్ఎస్ ప్యాకెట్లు. వరదకి ఎంత అవసరమో, రోహిణి కార్తె ఎండల్లో బస్టాండులో సొమ్మసిల్లిన మనిషికీ అంతే అవసరం. పెద్ద ప్యాకెట్టు, అంటే ఇరవై ఒక్క గ్రాములది, లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపాలి. కొంచెం కొంచెంగా చెంచాతో తీసి కలిపితే ఉప్పూ గ్లూకోజూ పాళ్ళు తప్పుతాయి. ఇంకొక మాట. అట్టపెట్టెల్లో స్ట్రాతో తాగే తియ్యటి పానీయాలని చాలామంది ఓఆర్ఎస్ అనుకుని కొంటూ వచ్చారు. హైదరాబాదులో పిల్లల డాక్టరొకరు దీని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అందుకని పొడి ప్యాకెట్టే కొనండి. అదీ దొరక్కపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఇక్కడ చెంచా అంటే టీ చెంచా. ఉప్పు మాత్రం అంతకు మించకూడదు.

వెలుతురు సంగతి. ఫోనులో టార్చి ఉంది కదా అంటారు. ఉంది. కానీ చీకట్లో బ్యాటరీ తినేసేది అదే, ఎవరితోనైనా మాట్లాడాల్సినప్పుడు మిగలనిది అదే బ్యాటరీ. వేరే టార్చి ఉండి తీరాలి. చేత్తో పట్టుకునేది కాదు, తలకి కట్టుకునేది కొనండి. రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా కాసేవాళ్ళ తలకి చూస్తాం కదా, అది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, ఒకదానితో గోడ పట్టుకోవచ్చు, ఇంకొకదానితో పిల్లని పట్టుకోవచ్చు. సెల్స్‌తో నడిచేదైతే సెల్స్ టార్చి లోపల ఉంచెయ్యకండి, నెలల తరబడి ఉంటే కారి టార్చి పాడవుతుంది. విడిగా కవర్లో పెట్టండి.

ఈల. అవును, పిల్లలు ఊదుకునే ఈలే. కూలిన గోడ వెనకో, నీళ్ళు చుట్టుముట్టిన మేడ మీదో ఉన్న మనిషి ఎంతసేపు అరవగలడు? పది నిమిషాలకి గొంతు పోతుంది. ఈల ఊదడానికి ఓపిక అక్కర్లేదు, ఊపిరి ఉంటే చాలు. ఓడల్లో ప్రాణరక్షణ జాకెట్టుకి ఈల కట్టి ఉండేది అందుకే. మూడేసిసార్లు ఊది, ఆగి, మళ్ళీ మూడుసార్లు ఊదితే సాయం కోసమని వినేవాళ్ళకి తెలుస్తుంది. దీన్ని సంచి అడుగున కాదు, పట్టీకే కట్టుకోండి.

పవర్ బ్యాంకు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అమ్మేవాడు చెప్పే లెక్క వేరు. 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్న పవర్ బ్యాంకుతో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న ఫోను రెండుసార్లు నిండాలి కదా. నిండదు. విద్యుత్తు ఒక బ్యాటరీ నుంచి ఇంకొక బ్యాటరీకి వెళ్ళేటప్పుడు కొంత వేడిగా పోతుంది. చేతికొచ్చేది ఒకసారి నిండుగా, ఆపైన కొంచెం. అయినా చాలు, ఆ ఒక్కసారీ పొదుపుగా వాడితే రెండు రోజులు గడుస్తుంది. మండుటెండలో ఆపిన కార్లో మాత్రం దాన్ని వదిలెయ్యకండి. విమానం ఎక్కేవాళ్ళకి ఒక తమాషా నియమం: పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చాకు చేతి సంచిలో ఉండకూడదు. అందుకే నేను చాకుకి బదులు మొన లేని చిన్న కత్తెర చాలంటాను. అది కూడా విమానం రోజున ఇంట్లో వదిలెయ్యడమో, లగేజీలో వేసెయ్యడమో మేలు.

ఇక రేడియో. రేడియోలో కూర్చుని రేడియో గొప్ప చెప్పుకుంటున్నాడని నవ్వుకోకండి, కారణం వినండి. ఫోన్లో యాప్ పెట్టుకుని వినేది రేడియో కాదు, అది ఇంటర్నెట్టు. టవరు పడిపోతే అదీ పడిపోతుంది. ప్రసార కేంద్రం నుంచి గాలిలో వచ్చే తరంగాన్ని నేరుగా పట్టుకునే డబ్బా వేరు. దానికి మీ వీధి చివర టవరుతో పని లేదు, రీచార్జితో పని లేదు. సెల్‌ఫోన్లు రాని రోజుల్లో వేటకి వెళ్ళే మత్స్యకారులు పడవలో ట్రాన్సిస్టరు పెట్టుకునేది దీనికోసమే. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచెత్తినప్పుడు వేలాది మంది పోయారు. హెచ్చరిక చివరి మనిషి దాకా చేరకపోతే ఏమవుతుందో ఆ తీరానికి బాగా తెలుసు. అరచేతిలో పట్టే రేడియో కొనుక్కుంటే మంచిది. కొన్ని ఫోన్లలో ఎఫ్ఎం రేడియో లోపలే ఉంటుంది, అది ఇంటర్నెట్టు లేకుండా పనిచేస్తుంది. అయితే చెవిలో పెట్టుకునే వైరే దానికి ఏరియల్. వైరు లేని ఇయర్‌ఫోన్లతో అది పలకదు. కాబట్టి పాత వైరు ఇయర్‌ఫోన్లు పారేయకండి, చుట్టచుట్టి సంచిలో పడెయ్యండి.

డబ్బు. ఐదువందల నోట్లు కాదు, పదులు, ఇరవైలు, యాభైలు, వందలు. ఆపద రోజున చిల్లర ఇచ్చేవాడు ఉండడు, ఐదువందలు ఇచ్చి అరటిపళ్ళు కొనుక్కోవాల్సి వస్తుంది. నోట్లతో పాటు ఆధార్ నకలు, వాడే మందుల చీటీ, రక్తం గ్రూపు రాసిన కాగితం, అన్నీ ఒక జిప్ కవర్లో. సంచి నీళ్ళకి తడవదని దుకాణంవాడు చెప్పినా నమ్మకండి, జిప్పుల దగ్గర తడుస్తుంది.

మందుల దగ్గర మాత్రం ఎవరి సంచి వాళ్ళదే. బీపీ, థైరాయిడ్, ఫిట్స్ మాత్రలు వాడేవాళ్ళు కనీసం మూడు నాలుగు రోజులకి సరిపడా విడిగా ఉంచుకోవాలి. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఇన్‌హేలరు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకి గ్లూకోజో, పటికబెల్లమో. తిండి ఆలస్యమై చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే అప్పుడు కావాల్సింది మందు కాదు, మూడు చెంచాల పంచదార. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో మాత్రం ఏదీ పొయ్యకూడదు, ఊపిరికి అడ్డం పడుతుంది. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా మామూలు గది వేడికి నాలుగు వారాల వరకు తట్టుకుంటుంది. మన మే నెల ఎండకి తట్టుకోదు, తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచుకోవాలి. ఐసు మీద నేరుగా పెట్టి గడ్డకట్టిస్తే అదీ పాడైపోయినట్టే. పక్కింటివాళ్ళు చెప్పారని గుండెనొప్పి మాత్రలు మోసుకు తిరగడం నాకు నచ్చదు. మీ డాక్టరు రాసిస్తేనే ఉంచుకోండి.

గాయాలకి శుభ్రమైన నూలు గుడ్డలు, ఒక సాగే పట్టీ. రక్తం కారుతుంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి, పది నిమిషాలు కదపకుండా. ఆగిందో లేదో అని మాటిమాటికీ తీసి చూస్తే ఆగేది కూడా ఆగదు. వరద నీళ్ళతో పాములు ఇళ్ళలోకి వస్తాయి. పాము కరిస్తే పైన తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, ఈ మూడూ చెయ్యకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఒక బద్దకి కట్టి, మనిషిని నడిపించకుండా, విషానికి విరుగుడు ఇంజెక్షను ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. మీ సంచిలో సాగే పట్టీ ఆ బద్దని కట్టడానికే. బిగించడానికి కాదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఒక తువాలు. తల తుడుచుకోవడానికి, నీళ్ళు వడగట్టడానికి, పొగలో ముక్కుకి అడ్డం పెట్టుకోవడానికి, చెయ్యి విరిగితే మెడకి వేలాడదీయడానికి. పెద్ద చెత్త కవర్లు రెండు, తలకీ చేతులకీ బెజ్జాలు చేసుకుంటే అదే వానకోటు, పరుచుకుంటే బరకం. అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో. నాలుగు పిన్నీసులు. రెండు బారల సన్నటి నైలాను తాడు. పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, బిస్కెట్లలాగా ఇవి నలిగి పొడికావు. ఆడవాళ్ళకి ప్యాడ్లు, అవసరమైన రోజులు కాకపోయినా సరే, మనకి కాకపోతే పక్కనున్న ఏ పిల్లకో కావాల్సి రావచ్చు. 

ఇవన్నీ సర్దాక సంచిని ఎత్తి చూడండి. నీళ్ళతో కలిపి రెండున్నర కిలోలు దాటితే మోయరు, మేకుకి తగిలించేస్తారు. మేకుకి వేలాడే సంచి కన్నా జేబులో ఈల మేలు. దాటిందా, ఏదో ఒకటి తీసెయ్యండి, నీళ్ళు మాత్రం తియ్యకండి. పట్టీ అడ్డంగా, ఒక భుజం మీంచి ఇంకో వైపు నడుం దాకా ఉండాలి. బస్సులో రెండు చేతులతో కమ్మీ పట్టుకోవచ్చు, సంచి ముందుకి లాక్కుంటే జేబుదొంగ భయం ఉండదు. బండి నడిపేవాళ్ళు పట్టీ పొడుగు తగ్గించుకోండి, వేలాడితే చక్రంలో పడుతుంది. ప్రవాహంలో దిగాల్సి వచ్చిందనుకోండి, అప్పుడు మాత్రం అడ్డంగా ఉన్న పట్టీని తీసి ఒక భుజం మీదకి మార్చుకోవాలి. సంచి చెట్టుకో స్తంభానికో తగులుకుంటే వదిలెయ్యడానికి వీలుండాలి. నిజానికి పారే నీళ్ళలో దిగకపోవడమే అన్నిటికన్నా మంచి పద్ధతి. మోకాలి లోతు ఉన్నా వడి ఉంటే మనిషిని పడేస్తుంది.

జపానువాళ్ళు ఏటా సెప్టెంబరు 1ని విపత్తు నివారణ దినంగా జరుపుకుంటారు, 1923లో అదే రోజు టోక్యోని కుదిపేసిన భూకంపం గుర్తుగా. అక్కడ చాలా ఇళ్ళలో గుమ్మం దగ్గరే ఆపద సంచి సిద్ధంగా ఉంటుంది. మనకి అలాంటి తేదీ ఒకటి పెట్టుకోవాలంటే ఏడాదిలో రెండు ఉండాలి. ఎండలకి ముందు ఉగాది, తుఫాన్లకి ముందు దసరా. ఆ రెండు పండగలకీ ఇల్లు దులిపేటప్పుడు సంచి కూడా విప్పి, గడువు తీరిన మాత్రలు మార్చండి, పల్లీ పట్టీలు తినేసి కొత్తవి పెట్టండి, పవర్ బ్యాంకు నింపండి.

ఇంకొక్క మాట. సంచి కొనడానికి రేపు వెళ్తారో, వచ్చే నెల వెళ్తారో మీ ఇష్టం. కానీ ఈ పని మాత్రం ఇవాళే చెయ్యండి. మనలో చాలామందికి ఇంట్లోవాళ్ళ ఫోను నంబర్లు నోటికి రావు, అన్నీ ఫోనులోనే ఉన్నాయి. ఒక చిన్న కాగితం తీసుకుని దాని మీద ఇంట్లోవాళ్ళ నంబర్లు, వేరే ఊళ్ళో ఉన్న ఒక దగ్గర బంధువు నంబరు, మీ డాక్టరు నంబరు బాల్‌పెన్నుతో రాయండి. కింద 112, 108 కూడా వెయ్యండి. మీ ఫోనుకి సిగ్నల్ లేకపోయినా పక్కన వేరే కంపెనీ టవరు పనిచేస్తుంటే 112కి కలిసే అవకాశం ఉంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పర్సులో ఉంచుకోండి. బడికి వెళ్ళే పిల్లలుంటే ఇంకొక నకలు రాసి వాళ్ళ సంచిలో కూడా వెయ్యండి.